కినూయె వేసిన ముడి

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. అంత దూరాన కూర్చుంటే కాళ్ళకి వేడి అందదు. కుంపటి బల్ల దుప్పటి ఎత్తి కాళ్ళు లోపలికి పెట్టుకో, ఆ బుట్టలో నారింజ ఒకటి తీసి ఒలుచుకో. తొక్క మాత్రం పారెయ్యకు, ఎండబెట్టి స్నానం నీళ్ళలో వేసుకుందాం. బొమ్మల సినిమాలంటే నీకు ప్రాణం కదా. అలాంటి సినిమా ఒకటి తయారవుతున్నప్పుడు జరిగిన సంగతి చెప్తాను, కునుకు తియ్యకుండా విను.

టోక్యో శివారు నెరిమాలో ఇళ్ళు ఇంకా ఇంత ఇరుకైపోని రోజులు. ముల్లంగి చేల మధ్య ఒక పాత కొయ్య మేడ ఉండేది. పై అంతస్తులో బొమ్మలు గీసేవాళ్ళు, కింది అంతస్తులో రంగులు వేసేవాళ్ళు. కింది గదికి పెద్ద కినూయె. నలభై దాటిన మనిషి. పెళ్ళి మాట ఎత్తితే, ముందు ఈ వారం పని తెమలనివ్వండి అనేది. అలా అంటూనే ఇరవై ఏళ్ళు గడిపేసింది. ఆడపిల్లలంతా ఆమెని అక్కా అనేవారు. ఆమె వెనక కూడా అక్కా అనే అనేవారు, అది అందరికీ దక్కే భాగ్యం కాదు.

ఆ పని ఎలా ఉండేదంటే, పైన కాగితం మీద గీసిన గీతలు గాజులా అవతలిది కనిపించే పల్చని ప్లాస్టిక్ రేకు మీదికి ఎక్కి కిందికి వస్తాయి. ఆ రేకుని బోర్లించి వెనక వైపు రంగు నింపాలి. ముందు వైపు నింపితే గీత మాసిపోతుంది. అందుకే రంగులేసే పిల్లకి పొద్దస్తమానం కళ్ళ ముందు ఒట్టి మరకలే. ఇక్కడ ఒక పచ్చ మరక, అక్కడ ఒక గోధుమ మరక. ఆరిన తర్వాత తిప్పి చూస్తే అప్పుడు తెలుస్తుంది, అది నవ్వుతున్న పిల్ల మొహమని. కినూయె మాత్రం తిప్పకుండానే ఇది నవ్వు, ఇది ఏడుపు అని చెప్పేసేది.

బొమ్మ ఒక్కసారి చెయ్యెత్తడానికే బోలెడు రేకులు కావాలి. కెమెరా కింద పెట్టి ఒక్క ఫొటో తీశాక ఆ రేకుకి ఇక పని లేదు. వెనకటి బీద రోజుల్లో వాటిని కడిగి మళ్ళీ వాడుకునేవారు. కినూయె కొత్తగా చేరినప్పుడు ఆమె పనే అది, తొట్టి ముందు గొంతుక్కూర్చుని రంగు వదలగొట్టడం. తర్వాత రేకులు చవకయ్యాయి. కడిగించే కంటే కొత్తవి కొనడమే నయమనిపించింది. వాడేసినవి కట్టలు కట్టి బయటికి పంపడం అలవాటైంది.

కట్టలు కట్టేది కూడా కినూయే. ఆమెది ఒకుతామా కొండల్లో నెజావా అనే లోయ. తాతల నాటి నుంచీ వసాబి పండించే కుటుంబం. ముక్కులోకి ఘాటెక్కే ఆ దుంప తెలుసు కదా, అది మట్టిలో పండేది కాదు, చల్లటి ఊటనీళ్ళు గులకరాళ్ళ సందుల్లోంచి రాత్రీ పగలూ జారుతుంటే ఆ రాళ్ళలో పండుతుంది. దుంపలు తడిబుట్టల్లో వేసి వీపున మోసుకు దిగేటప్పుడు తాడు జారకూడదు, దించాక ఒక్క లాగుతో విడిపోవాలి. దానికి వాళ్ళ నాన్న వేసే ముడి ఒకటుంది. రెండు చుట్లు చుట్టి, కొసని వెనక్కి మడిచి, లోపలికి దోపాలి. తడిసేకొద్దీ బిగుస్తుంది. కినూయె రేకుల కట్టలకి జనపనార తాడుతో అదే ముడి వేసేది. చిగుసా అనే పిల్ల నేర్చుకోబోయి, తన వేలే ఇరికించుకుని గదంతా నవ్వించింది. ఆ ముడి వేయడం ఇంకెవరి వల్లా కాలేదు.

కట్టల్ని ఓండా అనే అతని లారీ వచ్చి ఎత్తుకుపోయేది. సరదా మనిషి, వచ్చినప్పుడల్లా పిల్లలకి పిప్పరమెంటు బిళ్ళలు పంచేవాడు. కినూయె వాళ్ళ నాన్న పోయినప్పుడు ఆ వేళకి రైలు లేదని, తన లారీలో ఆమెని నెజావా దాకా దింపి వచ్చింది కూడా అతనే. ఊరి పైన కలప కొట్టే రోజుల్లో వేసిన పాత దారి ఉంది, దాన్నే ఎక్కితే దగ్గర అని కినూయె ఏడుస్తూనే దారి చూపించింది. ఆ మేలు ఆమె ఎన్నడూ మర్చిపోలేదు. కట్టలు ఎక్కడికి వెళ్తాయని మాత్రం ఆమె ఓండాని ఎన్నడూ అడగలేదు. ఆ మేడలో ఎవరూ అడగలేదు.

ఆ ఏడు వాళ్ళు తీస్తున్న సినిమా పేరు 'ఏడో నది'. దర్శకుడు హిరుకవా గారు. బక్కపల్చటి మనిషి, కింద కుళాయి కారుతుంటే చప్పుడు విని పై అంతస్తు నుంచి దిగొచ్చి కట్టేసి వెళ్ళేవాడు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి ఏట్లో చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలిన రోజు ఆయన కళ్ళారా చూశాడట. ఆ ఏటి కోసమే ఈ సినిమా అని తాగినప్పుడు ఒకసారి చెప్పాడు, తాగనప్పుడు ఎప్పుడూ చెప్పలేదు.

కథ ఇది. వెయ్యేళ్ళ తర్వాత భూమంతా పూర్వీకులు వదిలేసిన చెత్త కొండ. దాని మీద ఇనప ఇళ్ళు కట్టుకుని జనం బతుకుతుంటారు. మబ్బుల్లోంచి యంత్రాలు పిండి ఇచ్చే నీళ్ళే తాగుతారు. పాత పాటలో ఏడు నదుల పేర్లుంటాయి కాని నది అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. సాయో అనే పిల్లకి ఒకనాడు కాళ్ళ కింద, చాలా లోతున, నీటి చప్పుడు వినిపిస్తుంది. ఆ పిల్ల తవ్వడం మొదలుపెడుతుంది. అందరూ నవ్వుతారు. సినిమా అంతా ఆ పిల్ల తవ్వుతూనే ఉంటుంది. చివర్లో నీళ్ళొస్తాయి.

ఆ చివరి నీళ్ళ దగ్గరే పని ఆగిపోయింది. కినూయె నీలం కలిపింది, హిరుకవా గారు స్నానాల గది గోడలా ఉంది అన్నాడు. ఆకుపచ్చ కలిపింది, టీలా ఉందన్నాడు. మరోసారి తెల్లటి మెరుపులు పెట్టి, రాత్రిళ్ళు కూర్చుని చేసి ఇస్తే, చాలాసేపు చూసి, అందంగా ఉంది, ఇది కాదు అన్నాడు. సినిమా హాళ్ళకి తేదీ ఇచ్చేశారు. జనం బల్లల కిందే పడుకుంటున్నారు. అప్పుడొచ్చింది తుఫాను. వచ్చి, రెండు రోజులు కురిసి పోయింది. చేలల్లో ముల్లంగి కుళ్ళిపోయిందని పక్క రైతు గోలపెట్టాడు. మేడ కప్పు కారింది. అంతకు మించి ఆ తుఫాను గురించి ఎవరూ ఆలోచించలేదు.

తుఫాను పోయిన వారానికి కినూయె అన్నయ్య గెన్‌సాకు వచ్చాడు. చెల్లెలు టోక్యోలో ఉన్న ఇన్నేళ్ళలో అతను గడప తొక్కింది లేదు. బొటనవేలు విడిగా ఉండే పని బూట్లలోనే, మోకాళ్ళ దాకా ఎండిన బురదతో, చేతిలో గుడ్డ మూటతో గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లలు గబగబా టీ పెట్టారు. అక్కా, మీ అన్నయ్యగారి కనుబొమ్మలు అచ్చం మీవే అని చిగుసా నవ్వింది. అతను టీ ముట్టలేదు. గోడల మీద అంటించిన చెత్త కొండ బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ గది చుట్టూ తిరిగి వచ్చి, చెల్లెలి బల్ల మీద మూట పెట్టి విప్పాడు.

లోపల రేకుల కట్ట. బురద పట్టి, ఒకదానికొకటి అతుక్కుపోయి, పులిసిన వెనిగర్ వాసన కొడుతోంది. మధ్యలో నల్లబడిన జనపనార తాడు. తాడుకి ముడి.

"ఇది ఎవరు వేశారు కినూ?"

కినూయె ముడి మీది బురద వేలితో తుడిచింది.

"నాన్న పోయాడు. నేను ఎక్కడికీ పోలేదు, మన కొండ దిగలేదు. ఈ ముడి వేసేవాళ్ళు ఇంకెవరున్నారే?"

"నేనే అన్నయ్యా."

గదిలో కుంచెలు ఆగిపోయాయి. గెన్‌సాకు గొంతు పెంచలేదు. జరిగింది వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఊరి పైన పాత కలప దారి పక్కన ఉన్న గండిలో ఎన్నో ఏళ్ళుగా ఎవరో కట్టలు తెచ్చి దొర్లిస్తున్నారు. అటు వైపు ఎవరూ వెళ్ళరు కాబట్టి ఎవరికీ తెలియలేదు. తుఫానుకి గండి గట్టు తెగింది. సగం గుట్ట ఏట్లోకి దిగి, వసాబి మళ్ళలో పరుచుకుంది. పల్చటి రేకులు కదా, గులకరాళ్ళ మీద మూతలు పెట్టినట్టు పడుకున్నాయి. రాళ్ళ సందుల్లోంచి జారాల్సిన నీళ్ళు పైపైన పోయాయి. అడుగున నీరు నిలిచి వేళ్ళు నల్లబడ్డాయి. మొదటి రోజు పొద్దున్నే చూసి అతను రాలిన ఆకులనుకున్నాడట. పచ్చగా, గోధుమగా మరకలు. వంగి ఒకటి పెరికి తిప్పాడు.

"నవ్వుతోంది కినూ. ఎవరో పిల్ల, నోరంతా తెరిచి నవ్వుతోంది. ఇంకోటి తీశాను. అదీ నవ్వుతోంది. మడి మొత్తం, ఏ రాయి మీద చెయ్యి పెట్టినా అదే పిల్ల నవ్వుతోంది."

కినూయె ఆ రేకు అందుకుంది. తిప్పి చూడక్కర్లేకపోయింది. మూడేళ్ళ కిందటి సినిమాలో పెళ్ళికూతురి చెల్లెలు. ఆ బుగ్గ రంగు కోసం తను ఎన్నిసార్లు కలిపిందో ఆమెకి గుర్తే.

"ఊళ్ళోవాళ్ళకి చెప్పావా అన్నయ్యా, నా ముడి అని?"

"తాళ్ళన్నీ నేనే కోసి పొయ్యిలో పెట్టాను. ఈ ఒక్కటే దాచాను." గెన్‌సాకు అప్పుడు కూర్చున్నాడు. "గండిలో ఇంకా సగం ఉంది. మళ్ళీ గట్టి వాన పడితే అదీ దిగుతుంది. ఊట కన్ను మూసుకుపోతే మన మడే కాదు, కింద అందరివీ పోతాయి. నేను పోట్లాటకి రాలేదు. ముడి నువ్వు వేశావు, నువ్వే వచ్చి విప్పు."

చల్లారిన టీ అప్పుడు తాగి, మూట అక్కడే వదిలేసి, రైలు వేళైందని వెళ్ళిపోయాడు. చెల్లెలు అతన్ని స్టేషన్ దాకా సాగనంపింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమెకి లారీ గుర్తొచ్చింది. నాన్న పోయిన రోజు, ఏడుస్తూ, ఇదిగో ఇటు తిప్పండి ఓండా గారూ, ఈ దారిలో ఎవరూ రారు అని తన నోటితోనే చెప్పిన మాట గుర్తొచ్చింది. చేను గట్టు మీద కాసేపు కూర్చుండిపోయింది.

మేడకి వచ్చి తిన్నగా పై అంతస్తుకి వెళ్ళి హిరుకవా గారి బల్ల మీద ఆ కట్ట పెట్టి, అన్నయ్య చెప్పిందంతా చెప్పింది. విన్నంతసేపూ ఆయన పెన్సిల్ దించలేదు. విన్న తర్వాత ఓండాకి ఫోన్ చేయమన్నాడు. చేశారు. మోగి మోగి ఆగిపోయింది. ఆ ఫోన్ ఆ తర్వాత కూడా ఎవరూ ఎత్తలేదు, ఆ లారీ మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు. సినిమా అయిపోనీ, తేదీ దాటగానే అందరం వెళ్దాం అన్నాడు ఆయన. వాన మన తేదీ చూసుకుని పడదు కదా అంది కినూయె. దాంతో ఆయనకి కోపం వచ్చింది.

"ఇన్నేళ్ళూ ఎక్కడికి పోతున్నాయో నువ్వు ఒక్కసారైనా అడిగావా?"

"లేదు. మీరడిగారా?"

ఎదురుగా గోడ మీద చెత్త కొండ పెద్ద బొమ్మ ఉంది, ఆయన చేత్తో గీసిందే. నెలల తరబడి గీశాడు. కినూయె ఆ బొమ్మ వైపు తిరిగింది.

"సీసాలు గీశారు. కార్లు గీశారు. టీవీలు, చెప్పులు, పిల్లల బొమ్మలు, అన్నీ ఉన్నాయి. రంగులు నింపింది నేనే, నాకు తెలుసు. మన రేకులు మాత్రం ఒక్కటి కూడా లేవు హిరుకవా గారూ."

ఆయన ఆ బొమ్మని మూల నుంచి మూల దాకా వెతికాడు. నిజంగానే వెతికాడు తల్లీ, ఎక్కడో ఒకటి గీసి ఉంటానేమో అన్నట్టు. తర్వాత లేచి కోటు తొడుక్కున్నాడు.

అందరూ రాలేదు. పని ఆగితే మా జీతాలెవరిస్తారని కొందరు, ఏడుపు మొహాలతో కొందరు ఉండిపోయారు. వాళ్ళని తప్పుపట్టే పని లేదు. వచ్చినవాళ్ళు పక్క రైతు ముల్లంగి లారీ అడిగి తెచ్చుకున్నారు. అతను తాళాలిస్తూ, సినిమావాళ్ళు చెత్తకి వెళ్తున్నారా, ఇది చూడ్డానికి నేనే టిక్కెట్టు కొంటాను అన్నాడు. కెమెరామన్ ఉషిదా లారీ నడిపాడు. చిగుసా దారంతా కినూయె చెయ్యి పట్టుకునే కూర్చుంది.

నెజావాలో వాళ్ళు దిగేసరికి గెన్‌సాకు మడిలోనే ఉన్నాడు. భార్య త్సునేయో గట్టున అన్నం ముద్దలు సర్దుతోంది. రండి అని కూడా అనలేదు, కాని ముద్దలు అందరికీ సరిపోయేన్ని చేసింది. కింది మళ్ళవాళ్ళు గట్ల మీదికి చేరి చేతులు కట్టుకుని చూస్తున్నారు. అందరికంటే ముందు కుమే అవ్వ నిలబడింది. ఏరు ఆఖర్న తాకే మడి ఆవిడదే. కొడుకులు లేని మనిషి, ఆ మడే ఆవిడకి కూడు.

కినూయె లారీ దిగిన వెంటనే నీళ్ళలోకి పోలేదు. ముందు గట్టు ఎక్కింది. అన్నయ్య వద్దని తల ఊపాడు. అయినా వెళ్ళి, తడి నేల మీద మోకాళ్ళూని, నుదురు నేలకి ఆనించింది. ఆ కట్టలు కట్టింది నేను, ఆ దారి చూపించింది నేను, మా అన్నయ్యకి ఏమీ తెలియదు అని అందరికీ వినపడేలా చెప్పింది. కుమే అవ్వ నోరు విప్పింది.

"టోక్యో పోయి బొమ్మలు నేర్చిందన్నారు. పోన్లే, ఊరిని మర్చిపోకుండా మాకూ పంపింది. అదీ ఏటి దారినే, తపాలా బిళ్ళ ఖర్చు లేకుండా."

కినూయె తలెత్తలేదు.

"ఇంక లే. మొక్కుకుంటూ కూర్చుంటే రాళ్ళు వాటంతటవి తేలవు" అని అవ్వ కర్ర తీసుకుని తన మడి వైపు దిగిపోయింది.

ఆ నీళ్ళ చలి గురించి ఏం చెప్పను. ఎండాకాలంలోనే అరనిమిషం చెయ్యి పెట్టలేం. తొడుగులేసుకుంటే పల్చటి రేకు అంచు వేళ్ళకి అందదు, అందుకని ఒట్టి చేతులతోనే తీయాలి. వంగి ఒక్కొక్క రాయి మీద నుంచీ ఒక్కొక్క రేకు. హిరుకవా గారు ప్యాంటు మడిచి అందరితో పాటే దిగాడు. మొదట్లో ప్రతి రేకూ తిప్పి చూసేవాడు. ఇది గుర్రం పరుగు, దీనికి వారం పట్టింది అనేవాడు. ఇది ఆ ముసలాయన చనిపోయే ముందు కన్ను మూయడం అనేవాడు. కాసేపటికి చెప్పడం మానేశాడు. తర్వాత తిప్పడం కూడా మానేశాడు. పదేళ్ళ ఆయన పనంతా ఆ ఏట్లో పడి ఉంది, తల్లీ.

గండిలో మిగిలిన కట్టల దగ్గరికి కినూయె ఎవరినీ రానివ్వలేదు. పాత కట్టల తాళ్ళు పురుగు తిని చివికిపోయాయి. కాని ముడులు మాత్రం అలాగే ఉన్నాయి, తడిసీ తడిసీ రాయిలా బిగిసి. కొస పట్టి లాగితే ఒక్క లాగుకి విడిపోయాయి. నాన్న నేర్పిన ముడి ఎంత బాగా పనిచేస్తుందో చూసి ఆమెకి ఏడుపొచ్చింది.

లారీ ఆ కొండ దారిని ఎన్నోసార్లు ఎక్కింది, దిగింది. వాన పడకముందే గండి ఖాళీ అయింది. ఊట కన్ను దక్కింది. వేళ్ళు మాత్రం దక్కలేదు. గెన్‌సాకు ఒక దుంప పీకి విరిచి చూపించాడు. లోపల బూడిద రంగు. పారేయడానికి కూడా చేతులు రానట్టు దాన్ని గట్టు మీద మెల్లగా పెట్టాడు.

ఇక మేడ వెనక పెరట్లో రేకుల గుట్ట లేచింది. ఏం చేయాలి? మళ్ళీ ఇంకో లారీకి ఎత్తడానికి ఎవరికీ మనసొప్పలేదు. అప్పుడు కినూయె అటక మీద నుంచి పాత తొట్లు దింపింది. గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి గుడ్డ. గోకకూడదు, రుద్దకూడదు, రంగు తనంతట తను మెత్తబడేదాకా ఆగాలి. కడిగిన నీళ్ళు కాలవలో పోయనివ్వలేదు. పీపాల్లో నిలవబెట్టి, రంగు అడుక్కి దిగాక, పై నీళ్ళతోనే మళ్ళీ కడిగించింది. అడుగున మిగిలిన రంగు ముద్దని డబ్బాల్లో మూతపెట్టింది. సినిమా తియ్యడానికొచ్చానా, చాకిరేవుకొచ్చానా అని చిగుసా సణిగింది, సణుగుతూనే చేసింది. నెజావా వెళ్ళకుండా ఉండిపోయినవాళ్ళు కూడా ఒక్కొక్కరే మెట్లు దిగి వచ్చి తొట్టి దగ్గర కూర్చున్నారు. బాగా పాతవి వంకర్లు పోయి వాసనొస్తుంటే వాటిని పక్కన పెట్టారు. తక్కినవి గాజులా తేటగా వచ్చాయి.

తేటగా అంటే కంటికి. ఉషిదా ఒకటి పట్టుకెళ్ళి కెమెరా దీపాల కింద పెట్టి చూసి తిట్టుకుంటూ వచ్చాడు. ఏటి ఇసక, గులకరాళ్ళు గీరిన సన్నటి గీరలు దీపం కింద ఒక్కొక్కటీ వెంట్రుకలా మెరుస్తున్నాయని, వీటి మీద సాయో మొహం వేస్తే పిల్లకి గడ్డం మొలిచినట్టుంటుందని, అన్నీ దండగేనని గొణిగాడు. ఆ మాట కినూయె చెవిన పడింది. రెండు రేకులు చేతిలోకి తీసుకుని ఆయన వెంట కెమెరా గదిలోకి వెళ్ళింది. గులకరాళ్ళ బొమ్మ ఒకటి అడుగున పెట్టింది. దాని మీద ఒక రేకు, పైన ఇంకొక రేకు. రంగు లేదు, గీత లేదు. పై దాన్ని వేలితో మెల్లగా జరిపింది.

ఉషిదా మాట ఆపేశాడు. దీపం కింద రెండు రేకుల గీరలూ ఒకదాని మీద నుంచి ఒకటి జారుతుంటే, రాళ్ళ మీద పల్చటి నీరు వణికినట్టే ఉంది. కాసేపు చూసి, ఆయన వెళ్ళి హిరుకవా గారిని పిలుచుకొచ్చాడు. హిరుకవా గారు వంగి చూశాడు. బాగుందనీ అనలేదు, ఇది కాదనీ అనలేదు.

"ఎన్ని కడిగారు?" అని మాత్రం అడిగాడు.

"ఇంకా కడుగుతున్నాం" అంది కినూయె.

"నేనూ వస్తాను" అన్నాడు.

సినిమా తేదీకి అందలేదు. హాళ్ళవాళ్ళు తిట్టారు, ఒకరిద్దరు మానుకున్నారు. వచ్చిన జనం ఆ చివరి నీళ్ళ గురించే చెప్పుకున్నారు. సాయో చేతుల కింద మట్టి తడిసి, నల్లటి రాళ్ళ మధ్య సన్నగా నీరు కదిలినప్పుడు హాలులో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదట. ఆ నీటికి ఏ రంగు వాడారని పత్రికలవాళ్ళు అడిగితే, రంగేమీ లేదు అని హిరుకవా గారు ఊరుకున్నాడు. చెత్త కొండ బొమ్మలో మాత్రం ఒక మూల కొత్తగా గీసి చేర్చాడు. తాడుతో కట్టిన ఒక కట్ట. ముడి చూడాల్సినవాళ్ళు చూస్తే గుర్తుపడతారు.

ఆ శీతాకాలం గెన్‌సాకు పట్నం వచ్చి సినిమా చూశాడు. చెల్లెలి పక్కనే కూర్చుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా చూశాడు. దీపాలు వెలిగాక కినూయె అతని మొహం వైపు చూడలేక నేలచూపులు చూసింది.

"నీళ్ళు బానే ఉన్నాయి కినూ" అన్నాడు. టోపీ పెట్టుకుంటూ, "వాటిలో మన ఏటి చలి లేదు" అన్నాడు.

"అవును అన్నయ్యా."

"మళ్ళలో రాయంతా తీసి కడిగి మళ్ళీ పేర్చాలి. మీ వదిన నడుము పట్టేసింది."

"వస్తాను."

వెళ్ళింది. ఆ ఏడే కాదు, ప్రతి శరత్కాలం వెళ్ళింది. మడిలో గులకరాళ్ళన్నీ అడుగుదాకా తీసి, ఊటనీళ్ళలో కడిగి, పెద్దవి కింద, చిన్నవి పైన పేర్చేది. అన్నయ్య మళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తిరిగి పచ్చబడ్డాయి. కుమే అవ్వ మడి మాత్రం కోలుకోలేదు. అన్ని మళ్ళ బురదా చివరికి అక్కడే చేరింది మరి. అవ్వ అందులో చామదుంపలు వేసుకుని బతికింది. కినూయె ప్రతి ఏడూ ముందు ఆ మడికే వెళ్ళి పని అడిగేది. అవ్వ ఆమెకి టీ ఇచ్చేది. ఆవిడ పోయేదాకా టీ ఇచ్చింది, పోనీలే అన్న ఒక్క మాట మాత్రం ఇవ్వలేదు.

మొదటి పంట బుట్టకెత్తిన రోజు గెన్‌సాకు తాడు చెల్లెలి చేతికిచ్చాడు. ఆమె పట్టుకుని నిలబడింది కాని ముడి వేయలేదు. ఇది ఎక్కడికి వెళ్తోంది అన్నయ్యా అని అడిగింది. ఎప్పుడూ వెళ్ళే అంగడికే కదే, తెలియనట్టు అడుగుతావేం అన్నాడు అతను. పేరు చెప్పు అంది. ఎవరు కొంటారు, ఎక్కడ పెడతారు, మిగిలితే ఏం చేస్తారు అంది. గెన్‌సాకు విసుక్కోలేదు. అన్నీ ఓపిగ్గా చెప్పాడు. ఆఖరికి ఆమె రెండు చుట్లు చుట్టి, కొసని వెనక్కి మడిచి, లోపలికి దోపింది.

ఇదీ సంగతి. నారింజ అయిపోయిందా? తొక్క ఇలా ఇవ్వు. రేపెప్పుడైనా ఈ కథ నువ్వు ఎవరికైనా చెప్పేటప్పుడు సాయో గురించి తక్కువ చెప్పినా ఫర్వాలేదు తల్లీ, ఆ పిల్ల సంగతి సినిమా చూసినవాళ్ళకి తెలుసు. కుమే అవ్వ మడి సంగతి ఎవరికీ తెలియదు. అది మాత్రం విడిచిపెట్టకుండా గుర్తు పెట్టుకుని చెప్పు.